కౌగిలికి దొరకని ఒర

1

చీటీ నాకొచ్చింది. ఏడాదిపాటు ఎనిమిదో వీధి తుపాకి నా దగ్గరే ఉంటుంది.

పంపు మేడ కింద సామాన్ల గదిలో పంపు చూసే జంగయ్య లోపలి నుంచి గడియ పెట్టి, బల్ల మీద తువాల విప్పి చూపించాడు. నల్లటి పొట్టి పిస్తోలు, నా అరచేతికంటే కాస్త పెద్దది. లోపల తూటా ఒక్కటే.

"భయమైతుందా అండాలూ?" అన్నాడు.

భయం కాదు, నవ్వొచ్చింది. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా నోరు. ఆ నోటికి జడిసి వీధిలో సగం మంది నన్ను తప్పుకుని తిరుగుతారు. మిగతా సగం మంది కోసం ఇది దొరికింది.

వీధిలో పుట్టినవాళ్ళకు ఉగ్గుపాలతో పోసే చట్టాన్నే జంగయ్య మళ్ళీ అప్పజెప్పాడు. నీళ్ళ వరసలో ఒకరి దగ్గర తుపాకి ఉంటుంది, ఎవరి దగ్గరో ఎవరికీ తెలియదు, అందుకే వరస చెడదు. ఎవరైనా వరస తప్పితే జంగయ్య ఈల నోట పెట్టి పొడుగు సీటీ కొడతాడు. సీటీ ఆగేలోపు తప్పినవాళ్ళను కాల్చాలి. కాలిస్తే వేరే వీధిలో ఇల్లు, బతికినంతకాలం రోజుకు రెండు బిందెలు. కాల్చకపోతే గేటు బయటికి. తూటా పేలకముందే తుపాకి ఎవరి కంటికో చేతికో చిక్కితే వాళ్ళు మన పేరు మూడుసార్లు పిలవాలి. అంతే, మన రోజువారీ బిందె ఏడాదిపాటు వాళ్ళకు, గేటు మనకు. పిలిచినవాళ్ళు ఏ తప్పు చేసి ఉన్నా మాఫీ. పిలుపు తప్పయితే మాత్రం పిలిచినవాళ్ళ బిందె పోతుంది. ఇక గేటు బయట నీడా లేదు, నీళ్ళూ లేవు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చి ఎలా ఉందో చెప్పలేదు.

"పన్నెండేండ్లాయె గీ వీధిల తుపాకి పేలక" అన్నాడు జంగయ్య. "బయటికి పోయినోళ్ళంత చిక్కిపోయినోళ్ళే. కాల్చుడు కాదు అండాలూ, దాపెట్టుడే పని."

ఆ సంగతి నాకు చెప్పాలా? పోయిన ఎండల్లో వీరేశం సారును పట్టించింది నేనే. నడుం దగ్గర చేతికి గట్టిగా తగిలింది, గొంతెత్తి పిలిచాను. ఏడాదిపాటు ఆయన బిందె నా గడపలో దిగింది. ఆ ఏడాది సారు తర్వాత తుపాకి ఎవరు మోశారో ఇప్పటికీ తెలియదు. ఆయన పాఠాలు బాగా చెప్పేవాడు, దాచుకోవడం మాత్రం రాలేదు.

ఇవేవీ రాయకూడదని జంగయ్య చెప్పాడు. నోరు కట్టేసుకున్నదానికి చేతులన్నా ఆడాలి కదా.

2

ఒర ఎంచుకోవడం నా పనే. జంగయ్య పెళ్ళివాళ్ళకు చీరలు చూపించే కొట్టువాడిలా బల్ల మీద అన్నీ పరిచాడు.

"నీ ఒంటికి ఏది పడతదో నువ్వే జూసుకోవాలె. చిక్కినంక నన్ననొద్దు."

మొదటిది తోలు ఒర. తుపాకికంటే అదే లావు. పైగా చెమటకు తడిసి, అడుగేస్తే చాలు కిర్రుమంటుంది. రెండోది పిక్కకు కట్టుకునేది. పంపు దగ్గర బిందె ఎత్తాలంటే కుచ్చిళ్ళు ఎగదోపాలి. ఎగదోపానా, పిక్కతోపాటు ప్రాణం కూడా బయటపడుతుంది. మూడోది పొట్ట చుట్టూ వేసుకునే సాగుడు పట్టీ, పక్కన తుపాకికి సంచీ.

నాలుగోది చూసి, "ఇది కూడా ఒరేనా జంగన్నా?" అని అడిగాను. బొటనవేలంత ప్లాస్టిక్ చిప్ప, దానికో సన్నటి తాడు, డబ్బాలో అలాంటివి అరడజను.

"గిదే అన్నిట్ల చిన్నది. చిప్ప ట్రిగ్గర్ ఒక్కదాన్నే కప్పుతది, తుపాకిని బొందు బిగువే పట్టుకుంటది. తాడు కొస లంగ బొందుకు కట్టుకోవాలె. తుపాకి గుంజినవనుకో, తాడు చిప్పను ఆపుతది. చిప్ప ఊడి ఆడనే ఏలాడతది, తుపాకి చేతికొస్తది."

"తాడు కట్టకపోతే?"

"చిప్ప తుపాకితోనే వస్తది. గప్పుడు నువ్వెంత నొక్కినా చిప్పనే నొక్కుతవు."

ఇంత చిన్న ముక్కను నమ్మబుద్ధి కాలేదు. ఒంటికి హత్తుకుని ఉంటుంది కదా అని పట్టీ తీసుకున్నాను.

మా కష్టమల్లా కౌగిలితోనే. వరసలో నిలబడే ముందు ఎనిమిదో వీధిలో అందరూ అలయ్ బలయ్ చేసుకోవాలి, ముందున్నవాళ్ళతో ఒకసారి, వెనకున్నవాళ్ళతో ఒకసారి. పూర్వం పండక్కి ప్రేమతో చేసుకునేవారట. మేం రోజూ చేసుకుంటాం, వేళ్ళతో. ఈ ఎండకు మాకిచ్చేవి ఒంటిపొర నూలు చీరలు. దీపం ముందు నిలబడితే ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇక వేళ్ళకు దొరకని చోటు ఒంటి మీద ఎక్కడుంటుంది?

3

పట్టీ నన్ను చంపబోయింది.

వరసలో నా వెనక నిలబడేది ఎదురింటి దేవేంద్రమ్మ. కౌగిలించుకుంటే వెన్నెముకలు ఒక్కొక్కటీ తడిమి చూసే మనిషి. తన మొగుడు పోయిన రోజున కూడా పరామర్శకు వచ్చినవాళ్ళందరి నడుములూ తడిమింది. ఇవాళ నన్ను పట్టుకుని వదల్లేదు.

"ఏందే అండాలూ, నడుం గింత బిగుసుకపోయింది?"

"వాయువు అత్తా. పట్టీ చుట్టుకున్న."

"ఏదీ, సూడనియ్యి." చెయ్యి పక్కకు జరిగింది. తుపాకికీ ఆమె చిటికెన వేలికీ మధ్య ఒక మడత గుడ్డ మిగిలింది.

నోరు ఉన్నందుకు ఇలాంటప్పుడే పనికి రావాలి. "సూడు అత్తా, మంచిగ సూడు. వాయువు నా కడుపుల ఉంటే దురద నీ చేతులకెందుకు లేస్తదో గది గూడ జెప్పు" అని అందరికీ వినపడేలా అన్నాను. వరసంతా నవ్వింది. దేవేంద్రమ్మ చెయ్యి తీసేసింది గానీ కళ్ళు మాత్రం నా నడుం మీద నుంచి తీయలేదు.

ఇంటికొచ్చి పట్టీ విప్పితే కింద చర్మమంతా చెమటకాయలు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాళ్ళు చాలాసేపు వణికాయి. వీరేశం సారును గేటు దాటించినప్పుడు ఆయన కాళ్ళు ఇలాగే వణికాయి, అప్పుడు నాకు నవ్వొచ్చింది.

4

పట్టీ తిరిగిచ్చేసి చిప్ప తెచ్చుకున్నాను.

కౌగిలిలో చేతులు ఎక్కడెక్కడ తిరుగుతాయో రెండు రోజులు వరసలో అదే పనిగా చూశాను. భుజాలు, వీపు, నడుం, పిర్రల పైభాగం. ముందువైపు బొడ్డు కిందికి మాత్రం ఎవరి చెయ్యీ పోదు. కుచ్చిళ్ళు దోపుకునే చోటు అది. సిగ్గు అనేది ఇంకా బతికుందంటే ఆ జానెడు జాగాలోనే. తుపాకి అక్కడ పెట్టాను, కుచ్చిళ్ళ వెనక, పిడి కుడిచేతికి అందేలా. ఇన్నాళ్ళూ తిట్టుకున్న నా మెత్తటి పొట్ట మొదటిసారి పనికొచ్చింది, తుపాకి అందులో ఒదిగిపోయింది. చిప్ప తాడు లంగా బొందుకు రెండు ముడులు వేసి కట్టాను.

కట్టాక పరీక్షించాలి. నమ్మకంగా కౌగిలించుకోవడానికి నాకున్నది ఒక్కతే, నా చెల్లెలు సరూప. వీధి చివరిల్లు దానిది. దాని మొగుడు గోడ పనికి బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. నాలుగేళ్ళ కూతురుంది, వానచుక్క ఎరుగని కాలంలో పుట్టినందుకు దానికి వాన అని పేరు పెట్టుకుంది.

గుమ్మంలోనే చెల్లెల్ని దగ్గరికి లాక్కున్నాను. వీధిలో ఎవరూ పొట్టకు పొట్ట ఆనించరు. ఇది ఒక్కతే చిన్నప్పటిలాగా మొత్తం మీద పడిపోతుంది.

"ఏందక్కా, ఇయ్యాల గింత ప్రేమ పుట్టుకొచ్చింది?" అని నవ్వింది. ఆ వెంటనే, "ఏందో ముడి కుచ్చుకుంటున్నదే. బొందు గింత గట్టిగ కట్టుకుంటే కడుపుల నొప్పి లేస్తది, జర వదులు చేసుకో" అంది.

తుపాకి తగల్లేదు, ముడి తగిలింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ మా చెల్లెలు పట్టేలా ఉంది.

5

ముడి పక్కకు తిప్పి చూశాను, చీర మీద గింజలా లేచింది. ఒక్క ముడే వేస్తే జారిపోయింది. వెనక్కి లాగి కడితే తాడు గీతలా కనపడింది.

చివరికి కత్తెర తీసుకుని తాడు కోసేశాను.

జంగయ్య చెప్పింది మరిచిపోయి కాదు. లెక్క వేసుకునే కోశాను. కౌగిలి రోజూ ఉంది. కాల్పు పన్నెండేళ్ళుగా లేదు. రోజూ వచ్చే చావుకు జడవాలా, ఎప్పుడో వచ్చే పనికా? ఆ పనే వస్తే కుడిచేత్తో తుపాకి తీస్తాను, ఎడంచేత్తో చిప్ప ఊడబీకుతాను. చేతులు రెండున్నది ఎందుకు?

సాయంత్రం సరూపను మళ్ళీ కౌగిలించుకున్నాను. "ఇప్పుడు మంచిగుంది" అంది, నా బొందు గురించే అనుకుంటూ.

పొద్దున దేవేంద్రమ్మ తీరిగ్గా తడిమింది. ఆమెకు నా ఎముకలు దొరికాయి, కొవ్వు దొరికింది, ఇంకేమీ దొరకలేదు. ముఖం వాడిపోయింది పాపం. బొడ్డు కింద చల్లగా ఇనుము, చుట్టూ నలభై ఇళ్ళవాళ్ళు, మీలో ఎవరినైనా నేను పడేయగలను అనే మాట నాలుక చివర. నాకు పట్టరానంత సంతోషం వేసింది. రాసుకోవడానికి సిగ్గుపడను. ఇంతవరకూ నన్ను నమ్మి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

6

పంపు తగ్గింది. అడుగు నీళ్ళు బురదగా వస్తున్నాయని ధార సగం చేశారు. నా ఇల్లు ముందువైపు కాబట్టి బిందె నిండుతోంది. సరూప వంతు వచ్చేసరికి గొట్టం గాలి ఊదుతోంది. వరుసగా ఇది మూడో రోజు.

వానకు జ్వరం. ఇవాళ పొద్దెక్కాక సరూప చెంబు పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడింది.

"అక్కా, ఒక్క చెంబెడు. పిల్ల నాలిక ఎండిపోయి మాట వస్తలేదు."

నీళ్ళు చేతులు మారకూడదన్నది చట్టం. చట్టం సంగతి ఎలా ఉన్నా ఎదురింటి గుమ్మంలో దేవేంద్రమ్మ కూర్చుని ఉంది. చట్టం తప్పి నీళ్ళు పోసేవాళ్ళకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించే మనిషి ఆమె. ఆలోచిస్తే కళ్ళు మళ్ళీ నా నడుం మీదికే వస్తాయి. నిజం చెప్పాలంటే అది కూడా సాకే. బిందెలో ఉన్నవి నా నీళ్ళు. వీరేశం బిందె ఆగిపోయాక నాకూ చాలడం లేదు.

"ఇయ్యాల ఇస్తే రేపు గూడ వస్తవు" అన్నాను.

"వస్త. రాకుంటే యాడికి పోవాలె?"

"అందరిలెక్క ఓపిక పట్టు."

సరూప కొట్లాడలేదు. చెంబులోకి ఒకసారి చూసుకుంది, అందులో నీళ్ళేమైనా పుట్టాయేమో అన్నట్టు. "పిల్ల నిన్ను పెద్దమ్మా అంటదక్కా" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని ఒక గ్లాసుడు తాగాను.

7

జరిగింది జరిగినట్టు రాస్తాను. పంపు మేడ సామాన్ల గదిలో నన్ను పెట్టి తాళం వేశారు, రేపు గేటు.

పొద్దున నా బిందె నింపుకుని ఎడమ చంకన పెట్టుకున్నాను. పంపు నుంచి పక్కకు జరిగి రెండడుగులు వేశానో లేదో వెనక కేకలు వినపడ్డాయి. సరూప వరస చివరి నుంచి పరుగెత్తుకుంటూ వస్తోంది. చెప్పులు లేవు, కొంగు జారిపోయింది. ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి గొట్టం కింద చెంబు పెట్టింది.

మేడ మీద నుంచి జంగయ్య పొడుగు సీటీ కొట్టాడు.

వీధంతా నేల మీద పడుకుంది. అందరూ తలలు దాచుకున్నారు గానీ కళ్ళు దాచుకోలేదు, ఎక్కడి నుంచి పేలుతుందోనని వెతికాయి. నిలబడి ఉన్నది ఇద్దరమే, నేనూ అదీ.

నేను తటపటాయించలేదు. ఎవరైనా ఇది చదివితే అక్క కాబట్టి చెయ్యి వణికిందనుకుంటారు, అందుకే చెబుతున్నాను. కాల్చకపోతే గేటు, కాలిస్తే జీవితాంతం రెండు బిందెలు, అంతే కనపడింది నాకు. కుడిచెయ్యి కుచ్చిళ్ళలోకి పోయింది, తుపాకి వెన్నలా బయటికొచ్చింది. చెల్లెలి గుండెకు గురిపెట్టాను. అదప్పుడే తల తిప్పి చూసింది.

నొక్కాను. పేలలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. వేలి కింద ఉన్నది చిప్ప.

ఎడంచేత్తో ఊడబీకాలి. ఎడంచెయ్యి నిండు బిందె చుట్టూ ఉంది.

వదిలెయ్ అని చేతికి చెప్పాను. చెయ్యి వినలేదు. పుట్టిన దగ్గర నుంచి ఈ వీధిలో నీళ్ళు ఒలకబోసినవాళ్ళను నేను చూడలేదు. మా అమ్మ వరసలోనే కుప్పకూలి చచ్చిపోయింది, అప్పుడు కూడా బిందె నేలకు ఆనించాకే పడింది. నేను చెల్లెల్ని చంపగలిగాను గానీ బిందె వదల్లేకపోయాను.

సరూప నా కళ్ళలోకి కాదు, నా వేలి వైపు చూసింది. వేలు ఇంకా నొక్కుతూనే ఉంది. దానికి అంతా అర్థమైంది.

"అండాలు!" అంది. సీటీ సగంలో ఆగిపోయింది. "అండాలు!" వీధంతా లేచి కూర్చుంది. మూడోసారి మెల్లగా, చిన్నప్పుడు నిద్ర లేపినట్టు పిలిచింది. "అండాలు."

అప్పుడు నేను వంగి, బిందెను జాగ్రత్తగా నేల మీద దించాను. చిప్ప చిటికెలో ఊడి గుప్పిట్లోకి వచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. దాని చెంబు కూడా ఒలకలేదు, అదీ మా అమ్మ కూతురే.

జంగయ్య దిగి వచ్చి తుపాకి తీసుకున్నాడు. "తూటా పాతదైనట్టుంది" అన్నాడు. నేను గుప్పిట విప్పలేదు, ఎవరూ అడగలేదు.

8

గేటు దగ్గర ఆనవాయితీ ప్రకారం వీధంతా వచ్చి నాతో అలయ్ బలయ్ చేసుకుంది. పంపేటప్పుడు ప్రేమగా పంపాలి కదా. దేవేంద్రమ్మ బొబ్బలు పెట్టి ఏడుస్తూ, అలవాటు పోక నా వీపంతా మరోసారి తడిమింది.

"ఇంకేం దొరుకుతది అత్తా?" అన్నాను.

"ఊకోవే" అంది ముక్కు చీదుతూ.

కొత్త చీటీ పొద్దున్నే తీశారని అనుకుంటుండగా విన్నాను. ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలియదు. కందిరీగల్లా గుసగుసలు.

సరూప చివర్న వచ్చింది. తల దువ్వుకుంది, ముఖం కడుక్కుంది. ముఖం కడుక్కునేంత నీళ్ళు ఇప్పుడు దానికున్నాయి.

"వాన లేచి కూసున్నదక్కా" అంది. "రాత్రి రెండు చెంబులు తాగింది. పెద్దమ్మ నీళ్ళని జెప్పిన."

"నిన్ను కాల్చిన నేను."

"నాకెరికె. నేను పేరు పిలిచిన." కళ్ళు తుడుచుకోలేదు, వాటిలో తడీ లేదు. "ఇద్దరం ఏం మిగుల్చుకున్నమక్కా?"

దగ్గరికి లాక్కున్నాను. అది ఎప్పటిలాగే పొట్టకు పొట్ట ఆనించి మొత్తం మీద పడింది. బొడ్డు పక్కన నాకు చిన్న గింజలాంటిది కుచ్చుకుంది. రెండు ముడులు. నేను కట్టినట్టే కట్టుకుంది.

అప్పుడు తెలిసింది నాకు. చీటీ అనేది లేనే లేదు. వీరేశం పేరు పిలిచిన నోటికి చీటీ వచ్చింది, అండాలు పేరు పిలిచిన నోటికి చీటీ వచ్చింది. ఒక మనిషిని గేటు దాటించి ఇంటికెళ్ళి అన్నం తినగలిగినవాళ్ళనే జంగయ్య ఏరుకుంటాడు. నలభై ఇళ్ళలో ఒక్కరికీ ఇది తట్టలేదు. నాకు మాత్రం ఇప్పుడే తట్టింది.

గేటు గీత మీద నిలబడినవాళ్ళ పిలుపు చెల్లదు. దాని పేరు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు అరిచినా నన్ను లోపలికి రానివ్వరు. చెవిలో చెప్పే మాటకు మాత్రం ఏ చట్టమూ లేదు.

దాని మీద నాకు ప్రేమ లేక కాదు. ఉంది, కోపం అంతకంటే ఎక్కువ ఉంది. అది బతికింది కాబట్టి కోపం, నా నీళ్ళు తాగుతుంది కాబట్టి కోపం, నన్ను ఇంకా అక్కా అని పిలుస్తుంది కాబట్టి అన్నిటికంటే కోపం.

"ముడి కుచ్చుకుంటున్నదే" అన్నాను చెవిలో. "దేవేంద్రమ్మకు దొరికిపోతవు. తాడు కోసెయ్యి."

దాని ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది, మళ్ళీ వదులైంది. "కోస్తనక్కా" అంది. "మంచిగ జెప్పినవు." నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. ముడి నిజంగానే కుచ్చుకుంది.

9

గోడకు బయటివైపు, పొద్దు వాలాక, మనిషి పట్టేంత నీడ పడుతుంది. అక్కడ వీరేశం సారు చెప్పుల జత ఉంది, పక్కపక్కన పద్ధతిగా విడిచి పెట్టినవి. ఆయన లేడు. చెప్పులు నా కాళ్ళకు పెద్దవి, అయినా వేసుకున్నాను.

లోపల సీటీలు వినపడుతున్నాయి. పొట్టివి, ఒకదాని తర్వాత ఒకటి, వరస కదులుతోంది. పొడుగు సీటీ ఈ వారం రాదు, ఈ నెల రాదేమో. పంపు మాత్రం ఇంకా తగ్గుతుంది. ఏదో ఒక రోజు ఎవరి పిల్లకో నాలుక ఎండుతుంది, ఎవరో ఒకరు చెంబు పట్టుకుని పరుగెత్తుతారు. అప్పుడు మా సరూప చంకన నిండు బిందె ఉంటుంది. దాన్ని అది వదలదు. నాకు తెలుసు.

అంతవరకూ నేను ఉండను. చెప్పులు దానికోసం ఇక్కడే, నీడలోనే విడుస్తాను. చిప్ప ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. అది తప్ప ఇప్పుడు నా చేతులు రెండూ ఖాళీ.